మెమరీ చాలక మధ్యలో ఆగిన ఇన్‌స్టాల్: కాశీబుగ్గ ల్యాప్‌టాప్‌తో నా అనుభవం

పాత కంప్యూటర్‌లో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిస్తుండగా మధ్యలో ఆగిపోయిందంటే, చుట్టూ ఉన్నవాళ్లు చెప్పేది దాదాపు ఒకటే: "దాని పనైపోయింది, కొత్తది కొనుక్కోండి." మా చిన్న మావయ్య ల్యాప్‌టాప్‌కి కూడా అదే తీర్పు వచ్చింది. ఈ రోజు మా అత్త దాని మీదే వ్యాపారం లెక్కలు రాస్తోంది. ఇన్‌స్టాల్ అవడానికి కావలసిన మెమరీ (అంటే ర్యామ్, ప్రోగ్రాములు నడిచేటప్పుడు వాడుకునే తాత్కాలిక జాగా) వేరు, ఇన్‌స్టాల్ అయ్యాక నడవడానికి కావలసిన మెమరీ వేరు. చాలాసార్లు మొదటిదే ఎక్కువ. ఈ తేడా తెలియకే మంచి మెషీన్లు అటక ఎక్కుతున్నాయని నా నమ్మకం. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మావయ్య వాళ్లది శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గ. ఉద్దానం ఊళ్ల నుంచి జీడిపిక్కలు కొని, పప్పు తీయించి, గ్రేడింగ్ చేయించి అమ్ముతారు. పెద్ద వ్యాపారం కాదు, కానీ లెక్కలు మాత్రం చాలా ఉంటాయి. ఎవరి దగ్గర ఎన్ని బస్తాలు కొన్నారు (మా వైపు పిక్కల బస్తా అంటే 80 కిలోలు), ఎంత అడ్వాన్స్ ఇచ్చారు, ఏ గ్రేడు పప్పు ఎంత దిగింది, ఇవన్నీ అత్త చూసుకుంటుంది. 210, 240, 320, బద్ద, ముక్క, ఒక్కోదానికి ఒక్కో షీటు పెట్టుకుంది. 320 గ్రేడు అంటే పౌనుకి 300 నుంచి 320 గుండ్లు తూగే పప్పు. ఆ అంకె చిన్నదయ్యే కొద్దీ పప్పు పెద్దది, రేటూ పెద్దది. అత్తకి కంప్యూటర్ ఎవరూ నేర్పలేదు. తనే చూసి చూసి నేర్చుకుంది.

ల్యాప్‌టాప్ 2010 ప్రాంతంలో కొన్నది. పెంటియం ప్రాసెసర్, 320 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 7. కింద అంటించిన స్టిక్కర్ మీద 2 జీబీ ర్యామ్ అని ఉంది. విండోస్ 7కి కంపెనీ సపోర్ట్ 2020 జనవరి 14న ఆగిపోయింది. దాని మీద క్రోమ్ బ్రౌజర్ 109వ వెర్షన్ దగ్గరే నిలిచిపోయింది, ఆ తర్వాతవి ఎక్కవు. కొన్నాళ్లకు బ్యాంకు సైటు సరిగ్గా తెరుచుకోవడం మానేసింది. డబ్బు సంగతి చూసుకునే మెషీన్‌ని అలా వదిలేయడం నాకు నచ్చలేదు. విండోస్ 11 అంటే కనీసం 4 జీబీ ర్యామ్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, కాబట్టి ఆ దారి లేదు. విండోస్ 10కి కూడా 2025 అక్టోబర్ 14తో గడువు తీరిపోయింది. మిగిలింది ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్. నేను నరసన్నపేటలో నా సొంత కంప్యూటర్ మీద కొన్నేళ్లుగా వాడుతున్నాను కాబట్టి, నేనే చేస్తానన్నాను.

అన్నిటికన్నా ముందు ఫైళ్లు. అత్త షీట్లతో పాటు అందులో ఇంకో ఫోల్డర్ ఉంది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. మా తాతయ్య తోటలో కూలిపోయిన జీడి చెట్లు, కొబ్బరి చెట్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టి మావయ్య రాసిన లిస్టు, తీసిన ఫొటోలు అందులో ఉన్నాయి. వాటికి ఇంకెక్కడా కాపీ లేదు. అన్నిటినీ రెండు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించి, ఒక దాన్ని వేరే కంప్యూటర్‌కి పెట్టి ఫైళ్లు నిజంగా తెరుచుకుంటున్నాయో లేదో చూశాకే మిగతా పని మొదలుపెట్టాను. కాపీ అయిందని స్క్రీన్ చెప్పడం వేరు, ఫైలు తెరుచుకోవడం వేరు. ఎవరు ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మారుస్తున్నా ఈ ఒక్క మెట్టు దాటవద్దని చేతులు జోడించి చెబుతాను.

తర్వాత పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా (అంటే డిస్క్‌లోకి ఎక్కించకుండానే) నడిచే, పేరున్న ఒక లినక్స్ రకాన్ని పెట్టాను. పాత మెషీన్లకు బాగుంటుందని అందరూ చెప్పేదే. డెస్క్‌టాప్ రావడానికి చాలాసేపు పట్టింది కానీ వచ్చింది. వైఫై పట్టింది, సౌండ్ పనిచేసింది. అత్త పక్కనే కూర్చుని, "బాగానే ఉందమ్మా, బొమ్మలు తేటగా కనపడతన్నాయి" అంది. ఇన్‌స్టాల్ బటన్ నొక్కి, భాష, టైమ్ జోన్, డిస్క్ అన్నీ చెప్పాను. ఫైళ్లు కాపీ కావడం మొదలైంది.

సగం దాటాక మౌస్ ఆగి ఆగి కదిలింది. ఆ తర్వాత అసలు కదల్లేదు. గడియారం నిలిచిపోయింది. కానీ పెన్‌డ్రైవ్ లైటు మాత్రం ఆపకుండా మిణుకుతూనే ఉంది. అంటే లోపల ఏదో జరుగుతోంది. చాలాసేపటికి స్క్రీన్ ఒక్కసారి తెప్పరిల్లింది, మౌస్ మళ్లీ కదిలింది, కానీ ఇన్‌స్టాల్ విండో మాత్రం లేదు. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. ఇన్‌స్టాలర్ ఉన్నట్టుండి మాయమైపోయింది. రీస్టార్ట్ చేస్తే పాత విండోస్ లేదు, కొత్తది బూట్ కాదు. నల్ల స్క్రీన్ మీద ఒక తెల్ల గీత.

మావయ్యకి టెన్షన్ పట్టుకుంది. ఊళ్లో ఒక రిపేర్ షాపుకి తీసుకెళ్తే మదర్‌బోర్డు పోయి ఉంటుందన్నారు. ఇంకొకరు హార్డ్ డిస్క్‌లో జాగా చాలలేదు, పెద్దది వేయించమన్నారు. ఫోన్‌లో "మెమరీ ఫుల్" అంటే ఫొటోలు తీసేస్తాం కదా, ఇక్కడా అలాగే అనుకున్నారు. 320 జీబీలో 300 ఖాళీగా ఉంది, జాగా సమస్య కానే కాదు. మావయ్య ఇంటికొచ్చి, "ఒగ్గేయమ్మా, ముసిల్దైపోయినాది. దానికోసం నువ్వెందుకు ఇబ్బంది పడతావు" అన్నాడు. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి కాబట్టి నాకు ఆ భయం లేదు. ఇంకొంచెం చూస్తానన్నాను.

మళ్లీ లైవ్‌లోకి వెళ్లి, అదే ఇన్‌స్టాల్ మొదలుపెట్టి, ఈసారి ముందే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2 కలిపి నొక్కి, కమాండ్లు టైప్ చేసే టెక్స్ట్ కన్సోల్‌లోకి వెళ్లాను. అక్కడ కూర్చుని 'ఫ్రీ' అనే కమాండ్ కొడుతూ చూస్తున్నాను. ఆ కమాండ్ చూపించేవాటిలో 'ఫ్రీ' అన్న నిలువు వరుస కాదు, 'అవైలబుల్' అన్న నిలువు వరుస చూడాలి. డిస్క్ నుంచి చదివినవాటిని లినక్స్ ఖాళీ ర్యామ్‌లో దాచుకుంటుంది, అవసరమైతే వదిలేస్తుంది. కాబట్టి 'ఫ్రీ' తక్కువగా కనపడినా కంగారు లేదు. 'అవైలబుల్' పడిపోతే మాత్రం ప్రమాదం. నా కళ్లముందే అది పడిపోయింది. ఇన్‌స్టాలర్ పోయాక కెర్నల్ (లినక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) రాసుకున్న సందేశాలు తెరిచి చూస్తే చివర్లో ఆ లైను ఉంది: అవుట్ ఆఫ్ మెమరీ, కిల్డ్ ప్రాసెస్, పక్కనే ఇన్‌స్టాలర్ పేరు.

ఆ లైను చూడగానే సగం పనైపోయినట్టు అనిపించింది. మదర్‌బోర్డు కాదు, డిస్క్ కాదు. మెమరీ చాలక కెర్నలే ఆ ప్రోగ్రామ్‌ని ఆపేసింది. లినక్స్ కెర్నల్‌లో ఈ పని చేసేదాన్ని ఓఓఎం (అవుట్ ఆఫ్ మెమరీ) కిల్లర్ అంటారు. ర్యామ్ పూర్తిగా అయిపోయి, ఎంత వెతికినా ఒక పేజీ (ర్యామ్‌లో చిన్న ముక్క) కూడా దొరకనప్పుడు, మెషీన్ మొత్తం నిలిచిపోకుండా నడుస్తున్న ప్రోగ్రాముల్లో ఒకదాన్ని ఆపేస్తుంది. ఏది ఆపాలో ప్రతి ప్రోగ్రామ్‌కీ ఒక స్కోరు వేసుకుంటుంది. ఎక్కువ మెమరీ తింటున్నదానికి ఎక్కువ స్కోరు. ఇన్‌స్టాల్ జరుగుతున్న సమయంలో ఎక్కువ తినేది ఇన్‌స్టాలరే కదా, అందుకే అదే బలి.

అయితే ర్యామ్ అంతా ఎక్కడికి పోయింది? లైవ్ పెన్‌డ్రైవ్ సంగతి ఇక్కడ అర్థం చేసుకోవాలి. మామూలుగా ఇన్‌స్టాల్ అయిన కంప్యూటర్‌లో ఏ ఫైలు రాసినా డిస్క్ మీదికి పోతుంది. లైవ్‌లో పెన్‌డ్రైవ్ మీద ఉన్నది చదవడానికి మాత్రమే పనికొచ్చే కుదించిన ఫైలు. మార్పులన్నీ దాని మీద పరిచిన ఒక పొరలో రాస్తుంది, ఆ పొర ఉండేది ర్యామ్‌లోనే. లాగ్ ఫైలు, తాత్కాలిక ఫైలు, లైవ్‌లో ఉండగా మీరు డౌన్‌లోడ్ చేసిన పాట కూడా ర్యామే తింటుంది. దాని మీద డెస్క్‌టాప్ మొత్తం నడుస్తుంది. దాని మీద ఇన్‌స్టాలర్. ఇది చాలదన్నట్టు, కాపీ అవుతున్న ఫైళ్లు హార్డ్ డిస్క్ మీదికి చేరేదాకా కొంతసేపు ర్యామ్‌లోనే వరుసలో ఉంటాయి. పాత డిస్క్ నెమ్మదిగా రాస్తుంది కాబట్టి ఆ వరుస పెరుగుతుంది. కంప్యూటర్ జీవితంలో ర్యామ్‌కి ఇంత గిరాకీ ఉండే సమయం మరొకటి ఉండదేమో. పైగా ఆ సమయంలోనే స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్క్ జాగా) ఉండదు, ఎందుకంటే డిస్క్ ఇంకా తయారు కాలేదు.

ఆ పెన్‌డ్రైవ్ లైటు ఎందుకు ఆపకుండా మిణికిందో కూడా అప్పుడు తెలిసింది. స్వాప్ లేనప్పుడు కెర్నల్ పారేయగలిగినవి చాలా తక్కువ. నడుస్తున్న ప్రోగ్రాముల కోడ్‌ని మాత్రం పారేయొచ్చు, మళ్లీ కావాలంటే పెన్‌డ్రైవ్ నుంచి చదువుకోవచ్చు కాబట్టి. అందుకని మౌస్ కదిలించే కోడ్‌ని పారేసి ఇన్‌స్టాలర్ కోడ్ తెస్తుంది, మరుక్షణం దాన్ని పారేసి మౌస్‌ది తెస్తుంది. యూఎస్‌బీ 2 వేగంతో రోజంతా ఇదే పని. చూసేవాళ్లకి హ్యాంగ్ అయినట్టు ఉంటుంది. నిజానికి ఊపిరి సలపనంత పనిలో ఉంది.

మావయ్యకి ఇదంతా చెప్పడానికి గ్రేడింగ్ బల్లనే వాడుకున్నాను. "బల్ల మీద ఎంత పడితే అంతే పప్పు పోసుకుని ఏరతారు కదా మావయ్యా, పక్కన ఖాళీ గోనెలు ఉంటే మిగిలింది అందులో పెట్టుకుంటారు. ర్యామ్ బల్ల, స్వాప్ గోనె. ఇప్పుడు బల్ల చిన్నది, గోనె ఒక్కటీ లేదు" అన్నాను. వెంటనే, "మరి బల్ల రెండు జీబీలని రాసుంది కదేటి?" అని అడిగాడు.

మంచి ప్రశ్న. ఎందుకంటే 'ఫ్రీ' కమాండ్ మొత్తం 900 చిల్లర ఎంబీ అనే చూపిస్తోంది. స్టిక్కర్ మీద 2 జీబీ. గ్రాఫిక్స్ కోసం కొంత ర్యామ్ పక్కకి పోతుంది, ఇలాంటి పాత ల్యాప్‌టాప్‌లలో సాధారణంగా విడిగా గ్రాఫిక్స్ మెమరీ ఉండదు కాబట్టి. అది పదుల ఎంబీల్లో ఉంటుంది, సగానికి సగం పోదు. బ్యాటరీ తీసి, వెనక మూత విప్పి చూస్తే రెండు స్లాట్లలో రెండు 1 జీబీ ర్యామ్ కర్రలు (మెమరీ చిప్‌లున్న సన్నటి పలకలు) ఉన్నాయి. ఒకటి మెషీన్‌కి కనపడటం లేదన్నమాట. ఎన్నాళ్ల నుంచో ఎవరికీ తెలియదు. 32 బిట్ విండోస్ 7కి చెప్పిన కనీస ర్యామ్ 1 జీబీయే కాబట్టి అది మూలుగుతూ నడిచిపోయింది, "పాతదైంది కదా, స్లో అయ్యింది" అనుకుని అందరూ సరిపెట్టుకున్నారు.

ర్యామ్ కర్ర తీసి, దాని బంగారు రంగు పళ్ల మీద స్కూలు పిల్లలు వాడే మెత్తటి రబ్బరుతో నెమ్మదిగా రుద్ది, పొడి దులిపి మళ్లీ పెట్టాను. ఇలా చేసే ముందు బ్యాటరీ, చార్జర్ రెండూ తీసేయాలి, ఏదైనా ఇనుప వస్తువు ముట్టుకుని ఒంటి మీది స్టాటిక్ కరెంట్ వదిలించుకోవాలి. ఆన్ చేస్తే 2 జీబీ చూపించింది! అత్త ముఖం వెలిగిపోయింది. కానీ నమ్మకుండా మెమ్‌టెస్ట్86 ప్లస్ పెట్టాను. ఇది ఉచితంగా దొరికే ప్రోగ్రామ్, పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా బూట్ అయి ర్యామ్‌లో ప్రతి గడిలోనూ రాసి, చదివి సరిచూస్తుంది. కాసేపటికే ఎర్ర లైన్లు వరసగా వచ్చాయి. కర్రలు మార్చి మార్చి, స్లాట్లు మార్చి చూస్తే తేలింది: ఒక కర్ర పోయింది, రెండు స్లాట్లూ బాగున్నాయి.

పాడైన ర్యామ్ ఉంచి 2 జీబీ అనుకోవడం కన్నా మంచి ర్యామ్ 1 జీబీతో ఉండటం ఎంతో మేలు. పాడైన గడిలో పడిన అంకె మారిపోతుంది. సినిమా చూసేవాళ్లకి ఒక చుక్క తేడా కనపడుతుందేమో. లెక్కల షీటులో 16 వేలు 18 వేలైతే ఎవరు పట్టుకుంటారు? అందుకే ఆ కర్రని తీసి పక్కన పెట్టి, దాని మీద "పోయింది" అని రాసి అంటించాను, మళ్లీ ఎవరైనా బాగుందనుకుని పెట్టకుండా.

ఇక 1 జీబీతోనే పని కానివ్వాలి. బయాస్‌లోకి (కంప్యూటర్ ఆన్ కాగానే తెరవగలిగే సెట్టింగుల్లోకి) వెళ్లి గ్రాఫిక్స్‌కి కేటాయించిన మెమరీని అందులో ఉన్న అన్నిటికన్నా తక్కువ అంకెకి దించాను. ప్రతి మెషీన్‌లో ఈ సెట్టింగ్ ఉండదు, ఉంటే మాత్రం వాడుకోవాలి.

తర్వాత స్వాప్. లైవ్‌లో ఉండగానే డిస్క్‌ని భాగాలు చేసే జీపార్టెడ్ తెరిచి, 4 జీబీ భాగం ఒకటి చేసి, దాన్ని స్వాప్‌గా ఫార్మాట్ చేసి, అక్కడికక్కడే ఆన్ చేశాను. 'ఫ్రీ' కొడితే కింద స్వాప్ వరుసలో 4 జీబీ కనపడింది. అదే ఇన్‌స్టాలర్‌ని మళ్లీ నడిపితే ఈసారి చావలేదు, సగం దాటి కూడా ముందుకెళ్లింది. కానీ డెస్క్‌టాప్, ఇన్‌స్టాలర్ రెండూ స్వాప్‌లోకి వెళ్తూ వస్తూ ఉండటంతో భరించలేనంత నెమ్మదైపోయింది. మీ దగ్గర 2 జీబీ ఉంటే ఈ ఒక్క పద్ధతి చాలు, హాయిగా అయిపోతుంది. ముందే స్వాప్ చేయండి, ఇన్‌స్టాల్ జరుగుతుండగా బ్రౌజర్ తెరవకండి, బూట్ మెనూలో డెస్క్‌టాప్ లేకుండా నేరుగా ఇన్‌స్టాల్ అనే ఎంపిక ఉంటే అదే తీసుకోండి. 1 జీబీకి మాత్రం నాకు వేరే దారి మంచిదనిపించింది: పనిని రెండు ముక్కలు చేయడం. ముందు డెస్క్‌టాప్ లేకుండా కేవలం పునాది ఎక్కించాలి. ఆ తర్వాత డిస్క్ నుంచి బూట్ అయి, స్వాప్ చేతిలో ఉంచుకుని, డెస్క్‌టాప్‌ని మామూలు ప్యాకేజీలా ఎక్కించాలి.

దీనికి డెబియన్ అనే మరో లినక్స్ రకాన్ని తీసుకున్నాను. డెబియన్ 13 విడుదలైంది 2025 ఆగస్టు 9న. ఆ వెర్షన్ నుంచి 32 బిట్ పీసీలకు ఇన్‌స్టాలర్ ఇవ్వడం ఆపేశారు, కానీ మావయ్య ప్రాసెసర్ 64 బిట్‌దే కాబట్టి ఇబ్బంది లేదు. మీ మెషీన్ ఏదో ముందే చూసుకోండి. విండోస్ 32 బిట్ అయినంత మాత్రాన ప్రాసెసర్ 32 బిట్ కానక్కర్లేదు.

డెబియన్ చిన్న ఇమేజ్‌ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి బూట్ చేస్తే మొదటి మెనూలోనే రెండు రకాలు ఉంటాయి: బొమ్మల ఇన్‌స్టాలర్, ఉత్త అక్షరాల ఇన్‌స్టాలర్. తెలుగు బొమ్మలదాన్లోనే కనపడుతుంది. అందుకు నాకు కొంచెం బాధేసింది, అత్తకి తెలుగులో చూపించాలనుకున్నాను. కానీ మెమరీ తక్కువ తినేది అక్షరాలది, అదే తీసుకున్నాను. మెమరీ ఇంకా తక్కువైతే ఈ ఇన్‌స్టాలర్ తనంతట తానే గమనించి లో మెమరీ మోడ్‌లోకి వెళ్తుంది. అనువాదాలు వదిలేసి, ఏ భాగాలు ఎక్కించుకోవాలో మనల్నే అడుగుతుంది. మెమరీ తక్కువగా ఉంటే ఏం చేయాలో ముందే ఆలోచించి రాసినవాళ్లంటే నాకు గౌరవం. మొదటి ఇన్‌స్టాలర్ కూడా ఆరంభంలోనే "మీ ర్యామ్ ఇంతే ఉంది, పూర్తి కాకపోవచ్చు" అని ఒక్క మాట చెప్పి ఉంటే మావయ్య షాపుల చుట్టూ తిరిగే పని ఉండేది కాదు.

ఇంటర్నెట్‌కి ఫోన్‌ని కేబుల్‌తో కలిపి టెథరింగ్ పెట్టాను, పట్టేసింది. డిస్క్ భాగాల దగ్గర ఆటోమేటిక్ కాకుండా చేత్తో చేశాను. ఉన్న స్వాప్ భాగాన్ని స్వాప్‌గా వాడమని చెప్పి, మిగతాది సిస్టమ్‌కి. ఈ మార్పులు డిస్క్ మీద రాయగానే ఇన్‌స్టాలర్ స్వాప్‌ని ఆన్ చేసుకుంటుంది, అసలు బరువైన పని మొదలయ్యేది ఆ తర్వాతే. ఆల్ట్, ఎఫ్2 నొక్కితే చిన్న షెల్ (కమాండ్లు కొట్టే తెర) వస్తుంది, అక్కడ 'ఫ్రీ' కొట్టి చూసుకోవచ్చు. ఆల్ట్, ఎఫ్4లో లాగ్ పరుగెడుతూ కనపడుతుంది. నేను మధ్యమధ్యలో చూస్తూనే ఉన్నాను. మెమరీ ఎక్కడా ఉక్కిరిబిక్కిరి కాలేదు.

ఏ సాఫ్ట్‌వేర్ కావాలని అడిగే స్క్రీన్ వచ్చినప్పుడు జాగ్రత్తగా ఉండాలి. అక్కడ డెస్క్‌టాప్ ముందే టిక్ చేసి ఉంటుంది, అలాగే ఎంటర్ కొడితే గ్నోమ్ అనే బరువైన డెస్క్‌టాప్ మొత్తం దిగుతుంది. టిక్‌లన్నీ తీసేసి, మామూలు సిస్టమ్ యుటిలిటీలు ఒక్కటే ఉంచాను. సిస్టమ్‌ని బూట్ చేసే ప్రోగ్రామ్ గ్రబ్ కూర్చుంది. పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేస్తే నల్ల స్క్రీన్ మీద లాగిన్ అడిగింది. మావయ్య వెనక నుంచి చూసి, "మళ్లీ నల్లగానే ఉంది కదమ్మా" అన్నాడు. ఈ నలుపు మంచి నలుపని చెప్పి, లాగిన్ అయ్యి 'ఫ్రీ' కొట్టి చూపించాను. మొత్తం ర్యామ్‌లో వంద ఎంబీ కొంచెం దాటి వాడుతోంది, అంతే. అంతకుముందు చాలక చచ్చిన మెషీన్‌లో ఇప్పుడు చాలా భాగం ఖాళీ.

అక్కడి నుంచి ఎల్‌ఎక్స్‌డీఈ డెస్క్‌టాప్, ఫైర్‌ఫాక్స్, లిబ్రే ఆఫీస్ వేసుకున్నాను. ప్యాకేజీలు దిగడానికి సిగ్నల్‌ని బట్టి టైమ్ పట్టింది. మధ్యలో కరెంట్ పోయి వచ్చింది, బ్యాటరీ ఎన్నడో చచ్చిపోయినా ల్యాప్‌టాప్‌ని ఇన్వర్టర్ లైన్‌కి పెట్టి ఉంచాం కాబట్టి ఆగలేదు. మా వైపు ఎవరు ఈ పని చేసినా ఇన్వర్టర్ ప్లగ్ చూసుకునే కూర్చోవాలి. డెస్క్‌టాప్ వచ్చాక, ఏమీ తెరవకుండా ఉంటే మూడొందల చిల్లర ఎంబీ వాడుతోంది. జెడ్‌ర్యామ్ కూడా పెట్టాను. వాడకంలో లేని పేజీలను కుదించి ర్యామ్‌లోనే ఒక మూలన ఉంచుతుంది, డిస్క్ స్వాప్ దాకా వెళ్లే అవసరం తగ్గుతుంది. పాత హార్డ్ డిస్క్ ఉన్నవాళ్లకి దీని తేడా చేతికి తెలుస్తుంది.

తెలుగు ఫాంట్ల ప్యాకేజీలు వేస్తే పోతన, వేమన రెండూ వచ్చాయి. అత్త షీట్లు తెరిచి చూసింది. కొన్నిచోట్ల గడుల వెడల్పు మారింది, లెక్కలు, ఫార్ములాలు మాత్రం సరిగ్గానే ఉన్నాయి. ప్రతి గ్రేడు షీటులో చివరి మొత్తాన్ని తన నోట్‌బుక్‌తో సరిపోల్చి చూసుకున్నాకే ఒప్పుకుంది. తిత్లీ ఫోల్డర్‌ని మావయ్య తనే తెరిచాడు. ఆ లిస్టు కింద దాకా జరుపుతూ చూసి, "అన్నీ ఉన్నాయి పాపా" అన్నాడు. ఆ కాపీని ఇప్పుడు నా దగ్గర కూడా ఉంచాను.

1 జీబీతో ఏం అవుతుంది, ఏం కాదో కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. షీట్లు, ఉత్తరాలు, ప్రింట్లు చక్కగా అవుతాయి. బ్రౌజర్‌లో ఒకటి రెండు ట్యాబులు పర్వాలేదు. బ్యాంకు సైటు తెరిచేటప్పుడు షీటు మూసేయమని అత్తకి చెప్పాను. వీడియో కాల్ జోలికి వెళ్లొద్దన్నాను, అందుకు ఫోన్ ఉంది.

తర్వాత విశాఖ వెళ్లిన ఒక బంధువు చేత వాడేసిన 2 జీబీ కర్ర ఒకటి తెప్పించాను. పాత ల్యాప్‌టాప్‌కి ర్యామ్ తెచ్చుకునేటప్పుడు కర్ర మీద పీసీ3 అని ఉందో, పీసీ3ఎల్ అని ఉందో చూసుకోవాలి. మొదటిది 1.5 వోల్టులది, రెండోది 1.35 వోల్టులది. మావయ్య మెషీన్‌ది మొదటి రకం, అదే తెమ్మన్నాను. ఖాళీగా ఉన్న స్లాట్‌లో పెట్టి, మెమ్‌టెస్ట్‌ని రాత్రంతా నడిపించాను. ఒక్క ఎర్ర లైను కూడా రాలేదు. ఇప్పుడు మొత్తం 3 జీబీ. బ్యాంకు సైటు, షీటు రెండూ పక్కపక్కన తెరిచి పెట్టుకుంటోంది అత్త. స్వాప్ భాగాన్ని మాత్రం తీయలేదు, అలాగే ఉంచాను.

మావయ్య షాపు పక్కాయన కూడా తన పాత మెషీన్ తెచ్చి ఇచ్చాడు, వాళ్లబ్బాయి టెన్త్ చదువుకి పనికొస్తుందేమో చూడమని. స్టిక్కర్ మీద 2 జీబీ అనే ఉంది. ముందు వాళ్ల ఫొటోలు కాపీ చేసి, మూత విప్పి రెండు కర్రలూ ఉన్నాయో లేదో చూసి, మెమ్‌టెస్ట్ పెట్టాను.